దొరగారి దయ్యాలకి రెండు చుక్కల నూనె

నూనెడబ్బా మామయ్యకి ఉన్నది ఒక్కటే పిచ్చి. ఎంత భయంకరమైన దయ్యాల నవల చేతికిచ్చినా చదివేసి, అందులో రిపేరు ఏమిటో చెబుతాడు. దయ్యం ఎవరు, ఎలా చచ్చింది, ఎవరి మీద పగబట్టింది, ఇవేవీ ఆయనకి అక్కర్లేదు. తలుపు కిర్రుమందా? బందులకి నూనె లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైందా? మూడో మెట్టు చెక్క వదులైంది. గోడలోంచి మూలుగు వినిపించిందా? పైపులో గాలి చేరింది. ఆయన లెక్కన ఈ లోకంలో దయ్యాలు లేవు. పని ఎగ్గొట్టే మెయింటెనెన్స్ వాళ్ళు మాత్రం బోలెడుమంది ఉన్నారు.

పెద్దాసుపత్రిలో ముప్పై రెండేళ్ళు తలుపులు, పైపులు, లిఫ్టులు బాగుచేసిన చెయ్యి ఆయనది. రిటైరైన రోజు అందరూ కలిసి గోడగడియారం బహుమతిగా ఇస్తే, "ఇది నెలకి రెండు నిమిషాలు వెనకబడుతుంది" అని తీసుకున్న చోటే చెప్పేశాడు. తనకి నిజంగా కావాల్సింది మాత్రం అడిగి తెచ్చుకున్నాడు. కొంగ ముక్కులాంటి పొడుగు మూతి ఉన్న చిన్న నూనె డబ్బా అది. అప్పణ్ణించి అది చొక్కా జేబులోనే ఉంటుంది. ఇంట్లో అత్తయ్య ఆ జేబుల మరకలు వదలగొట్టే ప్రయత్నం ఎప్పుడో మానుకుంది.

మామయ్య అని పిలిచే హక్కు అసలు లైబ్రేరియన్‌ది. ఆమె ఆయనకి సొంత మేనకోడలు. ఆమె మామయ్యా మామయ్యా అంటుంటే విని లైబ్రరీకి వచ్చేవాళ్ళందరికీ మామయ్య అయిపోయాడు. ఆ లైబ్రరీ అంటే రెండు గదులు, ఒక పొడుగు బల్ల, పదకొండు కుర్చీలు. ఆయన రిటైరయ్యేదాకా ఆ పదకొండూ కుంటేవి. ఇప్పుడు ఒక్కటి కూడా కదలదు. కునుకు తీసేవాళ్ళకి మహా సుఖంగా ఉందని పేరు.

గుమ్మం పక్క బోర్డు మీద "చదివినవాళ్ళ మాట" అని నెలకో కాగితం అంటించాలని లైబ్రేరియన్ ఆశ. చదివినవాళ్ళు చాలామందే ఉన్నారు కానీ మాట మాత్రం ఎవరూ రాయరు. చివరికి కుర్చీ కాలు బిగిస్తున్న మామయ్యనే పట్టుకుంది.

"బోర్డు బోసిగా ఉంది మామయ్యా. ఏదో ఒకటి చదివి నాలుగు ముక్కలు రాసి పెట్టవూ."

తోటపని పుస్తకం ఇచ్చింది. పక్కన పెట్టాడు. చేపల పెంపకం ఇచ్చింది. అదీ పక్కన పెట్టాడు. సరాసరి మూల బీరువా దగ్గరికి వెళ్ళి ఏరికోరి దొరగారి మొదటి నవల పట్టుకొచ్చాడు. ఆమె నోరు తెరిచింది. బల్లి పడితే రెండు గదుల అవతలికి పరిగెత్తే మనిషి ఆయన.

దొరగారంటే ఇంగ్లండులో దయ్యాల నవలలు రాసే ఒకాయన. ఆ పేరు పలకడానికి నోరు తిరక్క ఇక్కడి పాఠకులంతా కలిసి ఆయనకి దొరగారని ఖాయం చేశారు. పందొమ్మిది నవలలు, పందొమ్మిదీ తెలుగులోకి వచ్చాయి. దాదాపు అన్నింట్లోనూ ఒక పాత బంగళా, ఒక తాళం వేసిన గది, ఆ గదిలోకి వెళ్ళొద్దని చెప్పే ఒక పనిమనిషి, చెప్పగానే వెళ్ళే ఒక మూర్ఖుడు ఉంటారు. ఎప్పుడూ వర్షమే.

మామయ్య మొదటి రివ్యూ బోర్డెక్కింది. ఇదీ ఆ రివ్యూ.

"ఈ నవలలో మొత్తం నలుగురు పోయారు. ముగ్గురు మెట్ల మీంచి పడి పోయారు. కారణం, మెట్లకి రెయిలింగు లేదు. నాలుగో ఆయన ఆ ముగ్గురూ ఎలా పడ్డారో చూద్దామని వెళ్ళి పడ్డాడు. దయ్యం మంచిదే కానీ దానితో పనిలేదు. వడ్రంగిని రెండ్రోజులు పిలిచి ఉంటే అందరూ బతికేవారు. అలాగే, పడగ్గది తలుపు తనంతట తను మూసుకుంటుంటే భయపడనక్కర్లేదు. పై బందులో స్క్రూ వదులై తలుపు వాలింది. స్క్రూ బిగించి రెండు చుక్కలు వెయ్యాలి."

కింద రెండు చుక్కల బొమ్మ గీశాడు. గొడవంతా ఆ చుక్కలతోనే వచ్చింది. ఆయన ఉద్దేశం, ఆ బంగళాకి ఎంత నూనె కావాలో చెప్పడం. చదివేవాళ్ళేమో సినిమాలకి ఇచ్చే నక్షత్రాల్లాంటివి అనుకున్నారు. దాంతో ఒక్క చుక్క పడిన నవలలు, అంటే దొరగారు ప్రాణం పెట్టి రాసినవి, బీరువాలో దుమ్ము పట్టాయి. ఐదు చుక్కల నవల కోసం ముప్పైమంది పేర్లు రాయించుకున్నారు.

ఆ ముప్పైమందిలో ఆఖరివాడు మందుల షాపాయన. సామాన్యుడు కాదు. దయ్యాల పాఠకుల సంఘానికి అధ్యక్షుడు, లైబ్రరీ కమిటీలో సభ్యుడు, దొరగారంటే చెవి కోసుకునే మనిషి. రెండు నెలలు కాచుకుని ఐదు చుక్కల నవల ఇంటికి తీసుకెళ్ళాడు. మూడు వందల పేజీల పుస్తకంలో దయ్యం ఆఖరి పేజీలో వచ్చి, తలుపు తట్టి, వెళ్ళిపోయింది.

మర్నాడే వచ్చి నిలదీశాడు. "దీనికి ఐదు చుక్కలిచ్చారేమిటండీ?"

"ఇవ్వనా మరి," అన్నాడు మామయ్య. "ఆ కొంపలో ఒక్క తలుపన్నా సరిగ్గా పడుతుందా?"

ఆ రోజు నుంచి మందుల షాపాయన మామయ్యతో మాట్లాడ్డం మానేశాడు. కానీ రివ్యూలు చదవడం మానలేదు. నెలనెలా చదివి, చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకుని వెళ్ళేవాడు.

ఇంకో చిత్రం చెప్పాలి. మామయ్య ఈ నవలలు లైబ్రరీలో చదవగా చూసినవాళ్ళు లేరు. ఇంట్లోనూ చదవడని అత్తయ్య ఒట్టేసి చెప్పింది. ఒకరోజు లైబ్రేరియన్ బ్యాంకుకి వెళితే సంగతి బయటపడింది. జనం మధ్య, టోకెను చేత్తో పట్టుకుని, దొరగారి నవలలో తల దూర్చి కూర్చున్నాడు. తన నంబరు రాగానే వెనకాయనకి టోకెను ఇచ్చేసి, ఇంకో టోకెను తెచ్చుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"ఇక్కడేం చేస్తున్నావు మామయ్యా?"

"ఫ్యాను బాగా తిరుగుతుందమ్మడూ."

అంటూనే ఆయన చూపు ఫ్యాను మీద లేదు, గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకున్న గార్డు మీద ఉంది. పేజీ తిప్పే ముందల్లా ఒకసారి గార్డు ఉన్నాడో లేడో చూసుకుంటున్నాడు.

ఇలా పదహారు నెలలు, పదహారు రివ్యూలు గడిచాయి. పదిహేడో నెలలో మందుల షాపాయన తన నోటుబుక్కు పట్టుకుని లైబ్రేరియన్ బల్ల ముందు కూర్చున్నాడు.

"మీ మామయ్యగారు పుస్తకాలు చదవకుండానే రివ్యూలు రాస్తున్నారమ్మా."

"ఎంత మాటండీ."

"ఎంత మాటో మీరే చూడండి. పదకొండో నవల, 'పొగగొట్టంలో పెద్దమ్మ'. నూటయాభై ఏళ్ళ కిందటి కథ. కరెంటన్న మాటే లేదు. మీ మామయ్యగారు ఏం రాశారు? 'పొద్దున్నే గోడలో టకటకమంటే దయ్యం కాదు, గీజరు పైపులో గాలి. కుళాయి తిప్పి కాసేపు వదిలేస్తే పోతుంది.' పెద్దమ్మ గారింట్లో గీజరెక్కడిదమ్మా? పదమూడో నవలలో ఫ్రిజ్ అట. ఎనిమిదోది సముద్రం మధ్య దీపస్తంభం కథ. అందులో నాలుగో అంతస్తు లిఫ్టు ఎవరూ నొక్కకుండానే పైకొస్తుందట. దీపస్తంభానికి లిఫ్టు. మొత్తం పదకొండు చోట్ల పట్టుకున్నాను."

లైబ్రేరియన్ ఒక్కొక్కటే వేలు పెట్టి చూసుకుంది. పదకొండూ నిజమే. బోర్డు మీద తన చేతులతో తనే అంటించింది.

"ఆదివారం పొద్దున పదింటికి కమిటీ పెట్టాం," అన్నాడాయన. "సమాధానం చెబితే సరే సరి. లేకపోతే ఆ శీర్షిక ఆగిపోతుంది. రాసినవన్నీ ఫైల్లోంచి తీసేస్తాం. చదవకుండా చదివానని చెప్పడం పాఠకుల్ని మోసం చెయ్యడమే కదమ్మా." కోపంగా కూడా అనలేదు, బాధపడుతూ అన్నాడు. అది ఆమెని ఇంకా బాధపెట్టింది.

మామయ్యకి చెబితే ఆయన మొహం పాలిపోయింది. "ఇంకా మూడు నవలలున్నాయమ్మడూ. ఆ మూడూ రాయనివ్వమను. తరవాత నన్ను ఉరి తియ్యమను."

"ఆ మూడే ఎందుకు?"

"ఎందుకంటే ఇంకా మూడున్నాయి కాబట్టి," అని స్క్రూడ్రైవరు తీసుకుని బాగానే ఉన్న కుర్చీ ఒకటి విప్పడం మొదలెట్టాడు.

శనివారం వచ్చింది. లైబ్రేరియన్ ఆ పదకొండు తప్పుల జాబితా ముందేసుకుని తల పట్టుకు కూర్చుంటే, ప్రతి శనివారంలాగే టైపు టీచరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళు టైపు నేర్పి రిటైరైన మనిషి, నిటారుగా నడుస్తుంది, మాట కూడా అలాగే ఉంటుంది. ఆమె భర్త దొరగారి పందొమ్మిది నవలలూ కొని, బీరువాలో వరసగా పేర్చి, రెండేళ్ళ కిందట పోయాడు. "బతికున్నన్నాళ్ళూ ఈ చెత్త చదవమని నా ప్రాణం తీశారు. అందులో ఏం చూశారో చూద్దామని చదువుతున్నా," అంటూ నెలకొకటి చొప్పున మొదలెట్టింది. ఖాళీ ఫ్లాటులో ఒక్కత్తీ కూర్చుని దొరగారిని చదివితే ఏమవుతుంది? ఇంట్లో ఉన్న ప్రతి చప్పుడూ దయ్యమే అవుతుంది.

"పదహారోది అయిపోయిందమ్మాయ్," అంది టీచరమ్మ. "పోయిన వారంలాగే నిన్న సాయంత్రం కూడా బాల్కనీ తలుపు తనంతట తనే తెరుచుకుంది. నాకేం భయం లేదు. ఊరికే చెబుతున్నా."

"లైట్లన్నీ వేసుకోండి టీచరుగారూ," అంది లైబ్రేరియన్, ఎప్పుడూ చెప్పే సలహానే. ఆమె వెళ్ళిపోయాక చూపు జాబితా మీద పడింది.

గీజరు, ఫ్రిజ్, లిఫ్టు.

పొద్దున్నే గోడలో ఎవరో తడుతున్నారని టీచరమ్మ ఈ కుర్చీలోనే కూర్చుని చెప్పింది. వంటింట్లో ఎవరో గురక పెడుతున్నారని చెప్పిందీ ఇక్కడే. నాలుగో అంతస్తులో తమ గుమ్మం ముందే లిఫ్టు వచ్చి ఆగుతోందని, తలుపు తీస్తే ఎవరూ ఉండరని చెప్పింది. చెప్పినప్పుడల్లా ఆ మూల మామయ్య కుర్చీ కాలో, కిటికీ గొళ్ళెమో బిగిస్తూనే ఉన్నాడు. ఏమీ వినబడనట్టే ఉండేవాడు. మొదటి నవల తియ్యకముందు ఒకసారి, "నేనొచ్చి ఆ పడగ్గది తలుపు చూడనా అండీ?" అని అడిగాడు కూడా. టీచరమ్మ గయ్యిమంది. "నేను భయపడుతున్నానని మీతో ఎవరన్నారు? మా ఇంటికి ఎవరూ రానక్కర్లేదు."

"జడ్డిమొహం నాది," అనుకుని లైబ్రేరియన్ లైబ్రరీకి అరగంట ముందే తాళం వేసి మామయ్య ఇంటికి పరిగెత్తింది.

"మామయ్యా, ఆ గీజరు టీచరుగారిది కదూ?"

మామయ్య గబగబా వెళ్ళి వీధి తలుపు మూశాడు. ఆ తలుపు చప్పుడు చెయ్యలేదని వేరే చెప్పాలా.

"ఈ ముక్క నీ నోట్లోంచి బయటికి రాకూడదు."

"మరి రేపు ఏం చెబుతావు?"

"వయసైపోయింది, కలిపేశానంటాను."

"అందరి ముందూ పరువు పోతుంది మామయ్యా."

"నా పరువుకేమొచ్చిందే, మరకల చొక్కా పరువు. ఆవిడ ముప్పై ఏళ్ళు క్లాసు ముందు నిలబడిన మనిషి. ఫ్రిజ్ చప్పుడుకి జడుసుకుంది పాపం అని ఊరంతా జాలిపడితే ఆవిడ మళ్ళీ గడప దాటుతుందా? తనింటి స్క్రూలు తనే బిగించుకుంటోంది. అలాగే బిగించుకోనీ."

లైబ్రేరియన్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి. మామయ్య మీద అంత కోపం, అంత ప్రేమ ఒకేసారి ఎప్పుడూ రాలేదు. ఒట్టు వెయ్యమంటే వేసింది.

ఆదివారం పదకొండు కుర్చీలూ నిండాయి, మిగిలినవాళ్ళు గోడకి ఆనుకుని నిలబడ్డారు. వెనక వరసలో టీచరమ్మ కూడా చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమెని చూడగానే మామయ్య నుదుటికి చెమట పట్టింది.

మందుల షాపాయన మర్యాదగానే మొదలెట్టాడు. "ముందు చదివారో లేదో తేలుద్దాం. 'పొగగొట్టంలో పెద్దమ్మ'లో పెద్దమ్మ మొదటిసారి ఏ పేజీలో దిగుతుందండీ?"

"నూట పన్నెండు. కాళ్ళు ముందొస్తాయి," అన్నాడు మామయ్య వెంటనే. "నూట పదిహేనులో జుట్టు. జుట్టు వచ్చాక నేను నాలుగు రోజులు ఇంట్లో లైటు ఆర్పలేదు. మా ఆవిణ్ణడగండి."

"తడి దుప్పటి కథలో పనిమనిషి ఏమంటుంది?"

"ఆ మాట నన్ను అనమనకండి బాబూ. రాత్రి మళ్ళీ నిద్రపట్టదు."

జనం గొల్లుమన్నారు. పది ప్రశ్నలు అడిగాడు, పదికీ పేజీతో సహా చెప్పాడు. చెప్పడమే కాదు, చెబుతూ చెబుతూ కుర్చీని నెమ్మదిగా గోడవారకి జరుపుకున్నాడు, వెనక ఎవరూ లేకుండా. అంత భయపడుతూ పదహారు నవలలు చదివినవాణ్ణి మందుల షాపాయన కూడా ఎప్పుడూ చూసి ఉండడు. ఆయన గొంతు మెత్తబడింది.

"ఇంత శ్రద్ధగా చదివినవారు మరి ఆ గీజరెందుకు రాశారండీ?"

మామయ్య నేల చూపులు చూశాడు. "వయసైపోయింది కదండీ. ఏదో కలిపేసుంటాను."

"పదకొండుసార్లా?"

"పదకొండుసార్లు కలిపేసుంటాను."

గదిలో నవ్వులు ఆగిపోయాయి. లైబ్రేరియన్ ఒట్టు గుర్తుచేసుకుని పెదవి కొరుక్కుంది. మందుల షాపాయన విచారంగా పెన్ను మూత తీశాడు. "అయితే శీర్షిక ఆపక తప్పదండీ. నాకూ ఇష్టమై కాదు."

"ఆ గీజరు నాదండీ," అంది వెనకనుంచి టీచరమ్మ.

అందరూ తిరిగారు. ఆవిడ లేచి నిలబడింది, క్లాసులో నిలబడినట్టే. "ఫ్రిజ్ నాది. దీపస్తంభంలో ఉన్న లిఫ్టు మా బిల్డింగుది. ఐదో నవలలో గబ్బిలం రెక్కల చప్పుడన్నారే, అది మా స్నానాలగది ఎగ్జాస్టు ఫ్యాను."

మందుల షాపాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "మీ గీజరు దొరగారి నవలలోకి ఎలా వెళ్ళిందండీ?"

"ఈయన తీసుకెళ్ళారు. అక్కడే బాగుచేసి నాకు తిప్పి పంపించారు."

మామయ్య నోరు తెరిచాడు. "మీకు తెలుసా?"

"ముప్పై ఏళ్ళు ఒకళ్ళ కాగితాల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. నవల చదివి, వచ్చి రివ్యూ చదివితే నాకు తెలియదా? మూడో నెలకే తెలిసింది."

"మరి చెప్పలేదేమండీ?"

"చెబితే మానేస్తారని." టీచరమ్మ మొదటిసారిగా కాస్త తడబడింది. "మొదట్లో నాకు చాలా భయం వేసేది. ఫ్లాటు ఖాళీ చేసి మా చెల్లెలింటికి పోదామనుకున్నాను. ఇప్పుడు ఎక్కడన్నా చప్పుడైతే ముందు పానా కోసం చూస్తున్నాను." చేతిసంచీ తెరిచింది. అందులోంచి కొంగ ముక్కు మూతి ఉన్న చిన్న నూనె డబ్బా బయటికి తీసింది. "గీజరు కుళాయి చక్రానికి మీరు రెండు చుక్కలన్నారు. మూడు పట్టింది."

"పాతదై ఉంటుంది," అన్నాడు మామయ్య. అంతలోనే ఉండబట్టలేక, "ఆ బాల్కనీ తలుపు మాత్రం గొళ్ళెం అరిగిపోయిందండీ. నూనెతో లాభం లేదు. నేను పదిహేడో నవలలో రాద్దామనుకున్నా," అన్నాడు.

"ఆ ఒక్కటీ వచ్చి చూసిపొండి. మీ ఆవిడని కూడా తీసుకురండి."

మందుల షాపాయన పెన్ను మూత పెట్టేశాడు. నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు. చాలాసేపు గొంతు సవరించుకుని, కమిటీ ప్రశ్నలు కాకుండా, సంవత్సరం తరవాత మొట్టమొదటిసారిగా మామయ్యతో సొంత మాట ఒకటి మాట్లాడాడు.

"మా షాపు షట్టరు మధ్యాహ్నాలు మూలుగుతుందండీ. పదిహేడో నవలలో ఎక్కడన్నా కాస్త చోటుంటుందా?"

చోటు దొరికింది. మిగతా మూడు నవలల్లోనూ దొరగారి బంగళాలు ఊళ్ళో సామాన్లతో నిండిపోయాయి. ఒక శ్మశానంలో కుట్టుమిషను కూడా కనిపించింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

పందొమ్మిదీ అయ్యాయనుకుంటుండగా దొరగారు ఇరవయ్యోది రాశారు. లైబ్రరీకి వచ్చింది. మామయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు, అట్ట మీద బొమ్మ చూశాడు, బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

"తీసుకెళ్ళవా మామయ్యా?"

"బ్యాంకు గార్డు నెల రోజులు సెలవు పెట్టాడమ్మడూ. వచ్చాక చూద్దాం."

పుస్తకం టీచరమ్మ తీసుకెళ్ళింది. వారం తిరక్కుండా తిరిగిచ్చి, సంచీలోంచి ఒక కాగితం తీసి, బోర్డుకి తనే అంటించి వెళ్ళింది. ఒక్క తప్పు లేకుండా టైపు చేసిన కాగితం. మామయ్య కళ్ళజోడు తుడుచుకుని బోర్డు ముందు నిలబడ్డాడు.

"నలభయ్యో పేజీ వరకు ఇంట్లో చదవవచ్చు. నలభై ఒకటి నుంచి యాభై ఎనిమిది వరకు పదిమంది మధ్య కూర్చుని చదవవలెను. యాభై తొమ్మిదిలో కిటికీ దగ్గర నిలబడినది మనిషి కాదు, కోటు. నూట ఇరవయ్యో పేజీ చదవకపోయినా కథకి లోటు లేదు, అందుచేత దానికి గుండుసూది గుచ్చి మూసితిని. కుక్క చివరికి క్షేమముగా ఇల్లు చేరును. నూనె అక్కరలేదు."

మామయ్య రెండుసార్లు చదివాడు. మూడోసారి కుక్క దగ్గర ఆగాడు. తరవాత బల్ల దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వమ్మడూ. నలభయ్యో పేజీ దాకా ఇంట్లోనే చదువుతా."